సెలైన్‌లో బలమెంత? చెమటలో చలువెంత? – పాఠకుల ప్రశ్నలు, శరీరధర్మ శాస్త్రం జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఎండ, నీరు, ఉప్పు చుట్టూ తిరిగాయి. మిగిలినవాటిలో కొన్నిటిని కూడా కలిపి జవాబులిస్తున్నాం. ఇవి మీ డాక్టరు పరీక్షకు బదులు కావు. ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే ఆయన్ని ఏం అడగాలో తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఎవరికి నీరసం వచ్చినా ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ‘ఒక సెలైన్ పెట్టండి’ అంటారు. పెట్టించుకున్నాక హుషారొచ్చిందని కూడా అంటారు. ఆ సీసాలో నిజంగా బలం ఉందా? ఉప్పునీటికి బదులు శుభ్రమైన మంచినీళ్లే ఎక్కిస్తే ఏమవుతుంది? – నర్సింగ్ విద్యార్థిని, ఖమ్మం

సీసా మీద 0.9% సోడియం క్లోరైడ్ అని ఉంటే అందులో ఉన్నది లీటరుకు 9 గ్రాముల ఉప్పు, మిగతాది నీరు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు. కేలరీలు సున్నా. 5% డెక్స్‌ట్రోజ్ సీసా అయితే అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజు, అంటే దాదాపు 85 కేలరీలు. రెండు ఇడ్లీలు తిన్నా అంతకు తక్కువ రాదు. వాంతులు, విరేచనాలు, ఎండ వల్ల ఒంట్లో నీరు తగ్గిన మనిషికి సెలైన్‌తో నిజంగానే తేలికపడుతుంది, ఎందుకంటే పోయింది నీరూ ఉప్పే కాబట్టి. రక్తహీనతతోనో, థైరాయిడ్ తగ్గో, నిద్రలేకో నీరసించినవాళ్లకు అది చేసేదేమీ లేదు. పైగా గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఆ అదనపు ఉప్పునీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబు కణం గోడ దగ్గరుంది. 70 కిలోల మగవాడి ఒంట్లో సుమారు 42 లీటర్ల నీరుంటే, అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు బయట ఉంటాయి. బయటి నీటిలో సోడియం ఎక్కువ (లీటరుకు 135–145 మిల్లీమోల్స్; మిల్లీమోల్ అంటే బరువును కాక కణాల సంఖ్యను చెప్పే కొలత), లోపలి నీటిలో పొటాషియం ఎక్కువ (140కి అటూఇటూ). ఈ తేడా దానంతటది నిలవదు. ప్రతి కణం పొరలోనూ ఉండే సోడియం–పొటాషియం పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ రాత్రింబవళ్లు పనిచేస్తుంది. దీన్ని 1957లో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది. ఉప్పును పొర ఇలా కట్టడి చేస్తుంది కానీ నీటిని ఆపలేదు. నీరు ఎటు ఉప్పు చిక్కగా ఉంటే అటు పోతుంది.

ఇప్పుడు ఉప్పు లేని నీటిని సిరలోకి ఎక్కించారనుకోండి. సూది మొన దగ్గరి రక్తం పలచబడుతుంది, ఎర్ర రక్తకణాల్లోకి నీరు దూరుతుంది, అవి ఉబ్బి పగులుతాయి. వాటిలోని హిమోగ్లోబిన్ రక్తరసంలోకి వచ్చి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 0.9% ఉప్పునీటిలో కణం ఉబ్బదు, ముడుచుకోదు. మీరు నర్సింగ్ చదువుతున్నారు కాబట్టి ఇంకో ముక్క: 5% డెక్స్‌ట్రోజ్ సీసాలో ఉన్నంతసేపూ రక్తానికి దగ్గరి గాఢతే. ఒంట్లోకి వెళ్లాక కణాలు గ్లూకోజును వాడేసుకుంటే మిగిలేది ఉట్టి నీరే. అది కణాల్లోకి పాకుతుంది. తలకు దెబ్బ తగిలి మెదడు వాచే ప్రమాదమున్న రోగికి దాన్ని పెట్టకపోవడానికి కారణం ఇదే. రక్తం పోయి బీపీ పడిపోయిన రోగికీ అది పనికిరాదు. లీటరు ఎక్కిస్తే రక్తనాళాల్లో నిలిచేది 80 మిల్లీలీటర్లకు అటూఇటూ. అదే నార్మల్ సెలైన్ అయితే పావు లీటరు నిలుస్తుంది.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలో ‘సమస్థితి అంటే శరీర అంతర పరిస్థితులు స్థిరంగా ఉండటం’ అని ఉంది. కానీ గుండె వేగం, బీపీ, మూత్రం పరిమాణం గంటగంటకూ మారుతూనే ఉంటాయి కదా. ఏది స్థిరం? – బీఎస్సీ విద్యార్థి, తెనాలి

మారేవి మారకపోతే మారకూడనివి మారిపోతాయి. అందుకే అవి మారుతాయి. కణాల చుట్టూ ఉండే ద్రవాన్ని ‘అంతర వాతావరణం’ అని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ పిలిచాడు. దాన్ని ఇరుకైన హద్దుల్లో ఉంచే ఏర్పాటుకు హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది 1926లో అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్. కాపలా ఉన్నది కొన్నిటికే: ఒంటి లోపలి వేడి, రక్తంలో సోడియం, పొటాషియం, కాల్షియం, గ్లూకోజు, ఆమ్ల–క్షార స్థాయి, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ధమనుల్లో ఒత్తిడి. వీటిని నిలపడానికి శరీరం వేరేవాటిని ఇష్టం వచ్చినట్టు పెంచుతుంది, తగ్గిస్తుంది. మూత్రం రోజుకు అర లీటరు కావచ్చు, నాలుగు లీటర్లు కావచ్చు, సోడియం మాత్రం 135–145 మధ్యే ఉంటుంది. మెట్లెక్కితే గుండె వేగం 70 నుంచి 130కి పోతుంది, ధమని రక్తంలో ఆక్సిజన్ మాత్రం దాదాపు కదలదు. పరీక్షలో ఏ ఉదాహరణ ఇచ్చినా ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఇక్కడ కాపాడుతున్నది దేన్ని, అందుకు వాడుకుంటున్నది దేన్ని?

కాపలా ఉన్నవి కూడా గీత గీసినట్టు ఉండవు. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా ఎక్కువగా ఉంటుంది. సాయంత్రం ఒళ్లు కాస్త వెచ్చబడితే జ్వరం అనుకోనక్కర్లేదు.

మార్పును తగ్గించే దిశగా పనిచేసేదే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. మార్పును ఇంకా పెంచేవి కొన్ని ఉన్నాయి: పురిటి నొప్పులను పెంచే ఆక్సిటోసిన్ హార్మోను, గాయం దగ్గర రక్తం గడ్డకట్టడం. వీటికి ఒక ముగింపు ఉండాలి. బిడ్డ బయటపడితే మొదటిది ఆగుతుంది. రెండోదాన్ని ఆపే పదార్థాలు రక్తంలోనే ఉంటాయి.

ప్రశ్న: విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ తాగించినా మా రెండేళ్ల పాపకు విరేచనాలు తగ్గలేదు. దానికి బదులు గ్లూకోజు నీళ్లో, దుకాణంలో అట్టపెట్టెల్లో వచ్చే పండ్ల రుచి డ్రింకులో ఇవ్వవచ్చా? – ఒక తల్లి, నంద్యాల

ముందు మొదటి సంగతి. విరేచనాలను ఆపడం ఓఆర్ఎస్ పని కాదు. పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపడమే దాని పని. విరేచనాలు రెండు మూడు రోజులు సాగినా పాప చురుగ్గా ఉండి, మూత్రం పోస్తుంటే ఓఆర్ఎస్ పనిచేస్తున్నట్టే.

అది పనిచేసే తీరు తెలిస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. చిన్న పేగు లోపలి గోడ ఒకే వరుస ఉపకళా కణాలతో కట్టినది. తాగిన నీరు, ఊరిన రసాలు కలిపి రోజుకు 8–9 లీటర్ల ద్రవం పేగుల్లోకి వస్తే, పెద్దవాళ్లలో మలంతో బయటికి పోయేది 100–200 మిల్లీలీటర్లే. మిగతాదంతా ఆ గోడ పీల్చుకుంటుంది. కలరా విషం ఈ కణాల్లో క్లోరైడ్ ద్వారాలను తెరిచిపెట్టేస్తుంది, దాని వెంట నీరు కుండపోతగా పేగులోకి దిగుతుంది. కానీ అదే కణం పైభాగాన ఉన్న మరో ద్వారం చెడదు. అది రెండు సోడియం అయాన్లతో జతగా ఒక గ్లూకోజు అణువును లోపలికి తీసుకుంటుంది. ఆ జత వెనకే నీరు వస్తుంది. ఈ జంట రవాణాను 1960లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్ శిబిరాల్లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ బృందం ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించింది. 30% దాకా ఉన్న కలరా మరణాలు 3.6%కి దిగాయి.

సోడియం లేకపోతే గ్లూకోజు ద్వారం దాటదు, గ్లూకోజు లేకపోతే ఆ ద్వారంలో సోడియం దాటదు. అందుకే 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో రెండూ సమానంగా, లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున ఉన్నాయి: గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. గ్లూకోజు నీళ్లలో, పండ్ల రుచి డ్రింకుల్లో చక్కెర మరీ ఎక్కువ, సోడియం చాలా తక్కువ. పీల్చుకోని చక్కెర పేగులో ఉండిపోయి, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఇలాంటి డ్రింకుల పేర్లలో ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడటంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ వాడకాన్ని నిషేధించింది. కొనేటప్పుడు పేరు చూడకండి, వెనక రాసిన పాళ్లు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉండాలి.

కలపడంలో జరిగే పొరపాట్లు ఎక్కువ. సుమారు 21 గ్రాముల పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు. దాన్ని గ్లాసులో కలిపితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ‘కొంచెం కొంచెం వాడదాం’ అని ప్యాకెట్లో పావు వంతు వేయడమూ వద్దు, పొడిలో పాళ్లు అన్ని చోట్లా సమానంగా ఉంటాయన్న నమ్మకం లేదు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి, మీద రాసినంత నీరే పోయండి. నీటిని ముందే కాచి చల్లార్చాలి. కలిపాక కాచకూడదు. చక్కెర అదనంగా వేయకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50–100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్లవాళ్లకు 100–200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. గ్లాసెత్తి గడగడా తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. దీనితోపాటు ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 10–14 రోజులు ఇస్తారు. విరేచనాలు ఆగాయని మధ్యలో మానొద్దు. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు వేసిన పలచటి బియ్యం గంజి కూడా మంచిదే. పిండిపదార్థం నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది కాబట్టి పేగులోకి నీటిని లాగదు. కళ్లు లోతుకుపోయినా, పాప మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా ఇంట్లో ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: రామగుండంలో 44 డిగ్రీల ఎండలో పనిచేశాను. విశాఖలో 36 డిగ్రీలకే ప్రాణం పోయినట్టుంది. ఎందుకు? వడదెబ్బకు జ్వరం మాత్ర వేసుకోవచ్చా? – భవన నిర్మాణ మేస్త్రీ, గాజువాక

చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు. అది ఆవిరైతే చల్లబడుతుంది. లీటరు చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి, ఆ వేడి మీ చర్మం నుంచే పోతుంది. 70 కిలోల ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 58 కిలోకేలరీలు చాలు. అంటే పూర్తిగా ఆవిరైన ఒక్క లీటరు చెమట పది డిగ్రీల వేడిని మోసుకుపోయినట్టు. నేల మీద కారిపోయిన చెమటకు ఈ లెక్క వర్తించదు. దానితో నీరు, ఉప్పు నష్టమే తప్ప చలువ లేదు. విశాఖ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, చెమట ఆవిరికాక కారుతుంది. రామగుండం పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆవిరవుతుంది. ఎయిర్ కూలర్ లోతట్టు జిల్లాల్లో చల్లగా ఉండి, సముద్రతీరంలో జిగటగా ఉండటానికీ కారణం ఇదే.

చర్మం వేడి 35 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఒంట్లోంచి వేడి గాలికి పోవడం ఆగి, గాలి వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఆవిరే. బరువు పని చేసే మనిషి ఒంట్లో గంటకు 300 కిలోకేలరీల వేడి పుట్టిందనుకుందాం. అది బయటికి పోయే దారి పూర్తిగా మూసుకుపోతే ప్రతి 12 నిమిషాలకూ ఒంటి వేడి ఒక డిగ్రీ పెరుగుతుంది. ఊరికే కూర్చున్న మనిషికి అదే డిగ్రీ పెరగడానికి 50 నిమిషాలు పడుతుంది. పని ఆపి నీడన కూర్చోవడం ఎంత పెద్ద మందో ఈ లెక్కే చెబుతుంది.

ఎండకు ఒళ్లు అలవాటు పడటమన్నది నిజం. అందుకు 10–14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో చెమట ముందుగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. ఆల్డోస్టెరోన్ హార్మోను ప్రభావంతో చెమటలో ఉప్పు తగ్గుతుంది. అలవాటు లేనివాళ్ల చెమటలో లీటరుకు 4 గ్రాముల దాకా ఉప్పు పోవచ్చు. కొత్తగా చేరిన కూలీకి మొదటి వారం సగం పనే ఇవ్వాలని మేం గట్టిగా చెబుతాం. మేస్త్రీగా అది మీ చేతిలో పని. నాలుగైదు గంటలు చెమటోడ్చి ఉట్టి నీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, కండరాలు పట్టేయడం మొదలవుతాయి. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం, అన్నంలో పచ్చడి తినడం దీనికి సరిపోతాయి. బీపీ ఉన్నవాళ్లు ఎంత ఉప్పన్నది డాక్టరును అడగాలి. కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అవి గుండె లయ తప్పించేంత ప్రమాదం.

జ్వరం మాత్ర సంగతి. జ్వరంలో మెదడులోని హైపోథాలమస్ తాను నిలపాల్సిన వేడిని 37 నుంచి 39కి పెంచుకుంటుంది. అందుకు సంకేతం ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం. ఒళ్లు ఇంకా 37లోనే ఉంది కాబట్టి చలేస్తుంది, వణుకొస్తుంది. పారాసెటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గిస్తుంది, లక్ష్యం మళ్లీ 37కి దిగుతుంది, చెమటపట్టి జ్వరం వదులుతుంది. వడదెబ్బలో లక్ష్యం మారలేదు, 37లోనే ఉంది. వేడిని బయటికి పంపే ఏర్పాటు చేతులెత్తేసింది. అక్కడ మాత్రకు పనే లేదు. పైగా వడదెబ్బకు కాలేయం ఇప్పటికే దెబ్బతిని ఉంటుంది, మాత్ర దాని మీద ఇంకో భారం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తూ, లేదా స్పృహ తప్పి ఎవరైనా పడితే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. నీళ్ల తొట్టి దగ్గర్లో ఉంటే తల మాత్రం పట్టుకుని మెడదాకా ముంచడం ఇంకా మేలు. అరగంటలోపు ఒంటి వేడి 39కి దించగలిగితే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం కూడా పొరపాటే. పనిలో ఉండగా పడిపోయినవాళ్లకు చాలాసార్లు ఒళ్లు తడిగానే ఉంటుంది.

ప్రశ్న: ఆల్కలైన్ నీళ్లు తాగితే రక్తంలో ఆమ్లం తగ్గుతుందని యంత్రం అమ్మజూపుతున్నారు. కొనమంటారా? – రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

వద్దు. ఆమ్ల–క్షార స్థాయిని చెప్పే అంకె పీహెచ్; అది 7 కన్నా ఎంత తగ్గితే అంత ఆమ్లం. జీర్ణాశయంలో పీహెచ్ 1.5 నుంచి 3.5. మీరు తాగిన నీటి క్షారగుణం అక్కడే పోతుంది. రక్తం పీహెచ్ 7.35–7.45 మధ్య ఉంటుంది. దాన్ని ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి నిమిషాల్లో, కిడ్నీలు ఆమ్లాన్ని మూత్రంలోకి పంపి గంటల్లో, రోజుల్లో సరిచేస్తాయి. రక్తం పీహెచ్ కదలకుండా ఉండటానికే మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగుతుంది. అమ్మేవాళ్లు మూత్రంలో ముంచిన కాగితం రంగు మారిందని చూపిస్తే, మీ కిడ్నీలు బాగా పనిచేస్తున్నాయనే దానర్థం.

ప్రశ్న: మా ఇంటావిడకు హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది. పరగడుపున చక్కెర 92. హిమోగ్లోబిన్ 7.8. దేన్ని నమ్మాలి? – పాఠకుడు, మంచిర్యాల

మూడోదాన్ని ముందు చూడండి. ఎర్ర రక్తకణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, కొత్త ప్రోటీను తయారు చేసుకోలేదు. అది బతికే 120 రోజుల్లో దాని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు అంటుకుంటూ పోతుంది, అంటుకున్నది వదలదు. ఎంత శాతం హిమోగ్లోబిన్‌కు అలా అంటుకుందో చెప్పే అంకె హెచ్‌బీఏ1సీ. కాబట్టి అది రెండు మూడు నెలల చక్కెరను చెబుతుంది, దానితోపాటు కణాల సగటు వయసును కూడా. ఐరన్ లోపంలో కొత్త కణాలు సరిగా పుట్టవు, తిరిగే కణాల్లో ముసలివి ఎక్కువవుతాయి. చక్కెర మామూలుగా ఉన్నా అంకె పైకి పోతుంది. ఈమధ్య రక్తస్రావం జరిగినా, రక్తం ఎక్కించుకున్నా, కణాలు త్వరగా చితికిపోయే జబ్బున్నా దీనికి తిరగబడి అంకె తక్కువ చూపుతుంది. మధుమేహం ఉన్నా లేనట్టు కనబడటం ఇంకా ప్రమాదం. ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల గిరిజన గూడేల్లో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగి త్వరగా చితికే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్ల విషయంలో ఈ పరీక్షను నమ్ముకోకూడదు.

ఆమెకు ముందు ఐరన్ లోపం ఉందో లేదో, ఒంట్లోని ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్షతో తేల్చుకుని, కారణం వెతికి, మందు వాడి హిమోగ్లోబిన్ పెరిగాక మూడు నెలలకు మళ్లీ చేయించండి. అప్పటిదాకా 75 గ్రాముల గ్లూకోజు తాగి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష మీద ఆధారపడవచ్చు. అక్కడ 140 లోపు ఉంటే మామూలు, 200 దాటితే మధుమేహం.

ప్రశ్న: వయసు 71. తెల్లవారి మంచం మీద నుంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. బీపీ మాత్ర మానేయమంటారా? – పాఠకుడు, అమలాపురం

మీ అంతట మీరు మానొద్దు. నిలబడగానే అర లీటరు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మెడ ధమనిలో, బృహద్ధమని వంపులో ఉన్న ఒత్తిడి గ్రాహకాలు దాన్ని క్షణంలో గుర్తించి, గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగిస్తాయి. వయసుతో, ఏళ్ల మధుమేహంతో ఈ స్పందన మందగిస్తుంది. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటివి ఇంకాస్త అడ్డు తగులుతాయి.

డాక్టరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి. అయిదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, లేచి నిలబడి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పక్కన ఎవరైనా ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే ఆ కాగితం తీసుకెళ్లండి. ఆయన మోతాదో, వేళో మారుస్తారు. ఈలోగా లేవబోయే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని పిక్కలు బిగించి వదలండి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు కూర్చునే పోయండి. తుంటి ఎముక విరిగే పడిపోవడాలు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి.

ప్రశ్న: కబడ్డీలో కాలి ఎముక విరిగింది, మూడు నెలల్లో అతికింది. అదే కాలి మోకాలి గుజ్జు దెబ్బతిని రెండేళ్లయినా బాగుపడలేదు. ఎముక కన్నా గుజ్జు మెత్తనిదే కదా! – ఆటగాడు, నల్గొండ

మెత్తదనంతో సంబంధం లేదు. రక్తం అందుతుందా, విభజన చెందే కణాలున్నాయా అన్నవే ముఖ్యం. ఎముకా, మీరు గుజ్జు అంటున్న మృదులాస్థీ రెండూ సంయోజక కణజాలాలే (ఒంటి భాగాలను కలిపి, ఆధారంగా నిలిచేవి). ఎముకలో రక్తనాళాలు నిండుగా ఉంటాయి. విరిగిన చోట గడ్డకట్టిన రక్తంలోకే కొత్త కణాలు వచ్చి కట్టడం మొదలుపెడతాయి. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నాడులు లేవు. చుట్టూ ఉన్న కీలు ద్రవం నుంచి మెల్లగా ఊరి వచ్చేదే దాని తిండి. కాలు కదిలితే, బరువు పడి లేస్తే ఆ ఊరడం జరుగుతుంది. అందుకే నెలల తరబడి మోకాలు కదపకపోవడం దానికి మంచిది కాదు. మోకాలిలోని అర్ధచంద్రాకారపు మెనిస్కస్‌కు బయటి అంచునే రక్తం అందుతుంది. ఆ అంచున చిరిగితే కుట్టు వేసి అతికించవచ్చు, లోపలి వైపు చిరిగితే అతకడం కష్టం. మీ ఎమ్మారై కాగితంలో చిరుగు ఎక్కడుందో రాసి ఉంటుంది, దాన్నిబట్టే చికిత్స. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజుల్లో కొత్తదవుతుంటే, అదే ఒంట్లో కీలు మృదులాస్థి మీకు పాతికేళ్లు వచ్చేసరికి ఉన్నదే దాదాపు జీవితాంతం.

ప్రశ్న: జిమ్‌లో క్రియాటిన్ వాడుతున్నాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.5 వచ్చింది. కిడ్నీ పోయిందా? – విద్యార్థి, భీమవరం

మీ ఊరివాడికే ఈ జవాబులో భాగముంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. కణాలు ఏ పనికైనా శక్తి కోసం ఖర్చు చేసే అణువైన ఏటీపీని 1929లో వాళ్లూ, జర్మనీలో కార్ల్ లోమనూ విడివిడిగా వేరుచేశారు. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్ల గట్టి పనికి చాలుతుంది. తర్వాతి ఎనిమిది, పది సెకన్లు దాన్ని మళ్లీ నింపేది ఫాస్ఫోక్రియాటినే. బరువెత్తేవాళ్లకు, వంద మీటర్లు పరుగెత్తేవాళ్లకు క్రియాటిన్ పొడి కొంత ఉపయోగపడేది ఇందుకే. దూరపు పరుగుకు అంత లాభం లేదు.

కండరంలోని క్రియాటిన్‌లో కొంత భాగం రోజూ క్రియాటినిన్‌గా మారి కిడ్నీల ద్వారా పోతుంది. పొడి తీసుకుంటే, కండ ఎక్కువుంటే, పరీక్షకు ముందు రాత్రి మాంసం బాగా తిన్నా కిడ్నీలు బాగుండి కూడా ఆ అంకె పెరగవచ్చు. అలాగని మీదే బాగుందని మేం ఇక్కడి నుంచి చెప్పలేం. రెండు మూడు వారాలు పొడి ఆపి, ముందు రోజు మాంసం, బరువు వ్యాయామం మాని మళ్లీ పరీక్ష చేయించండి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతోందేమో చూడమనండి. అనుమానం మిగిలితే కిడ్నీల పనితీరును చెప్పే సిస్టాటిన్ సి అనే మరో రక్తపరీక్ష ఉంది, అది కండ మీద అంతగా ఆధారపడదు. పొడి వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పడం మరవొద్దు. వాడేవాళ్లకు రోజుకు 3–5 గ్రాములు చాలు, అంతకు మించి కండరం దాచుకోలేదు.

ప్రశ్న: మా పిల్లలు వ్యవసాయ బావిలో దూకే ముందు గబగబా పది ఇరవై సార్లు ఊపిరి తీసి వదులుతారు. ఎక్కువసేపు మునగవచ్చట. నిజమేనా? – రైతు, సిద్దిపేట

ఎక్కువసేపు మునగగలరు, అందులోనే చావుంది. వెంటనే మాన్పించండి. మామూలు ఊపిరితోనే రక్తంలోని హిమోగ్లోబిన్ 97–98% ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది, గబగబా పీల్చినా అదనంగా చేరేది దాదాపు లేదు. పోయేది కార్బన్ డయాక్సైడ్. ‘ఊపిరి ఆడటం లేదు, పైకి వెళ్లు’ అని మెదడును తరిమేది ఆక్సిజన్ తగ్గడం కన్నా కార్బన్ డయాక్సైడ్ పెరగడమే. దాన్ని ముందే తగ్గించుకుని దూకితే ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, పిల్లవాడు ఏ ఇబ్బందీ తెలియకుండానే నీళ్లలో స్పృహ తప్పుతాడు. ఈత బాగా వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు.

బయటికి తీసిన పిల్లవాడికి ఊపిరి ఆడకపోతే తలకిందులుగా వేలాడదీసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. కాలం పోతుంది, కక్కిన ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో అయిదుసార్లు ఊపిరి ఊదండి. ఛాతీ లేస్తోందో లేదో చూసుకోండి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యన నిమిషానికి 100–120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి ఊదుతూ 108 వచ్చేదాకా ఆపకుండా కొనసాగించండి. పెద్ద పిల్లలకు అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆ రోజు ఆసుపత్రిలో చూపించాల్సిందే, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తర్వాత ఆయాసం తేవచ్చు.